పడవబండి ఇరుసు: వరదకు ముందే పరీక్ష

పడవ నీటిమీద ఎంత చక్కగా నడచినను, దానిని రేవు వరకు చేర్చునది నేలమీది బండియే. ఆ బండికి ప్రాణము ఇరుసు. గౌతమీ వసిష్ఠల నడుమ నున్న కోనసీమలో ఈ మాటకు ప్రత్యేకమైన విలువ కలదు. 1986 ఆగస్టు వరదలో గట్లు తెగి ఊళ్ళు మునిగినప్పుడును, 2022 జూలైలో మూడవ ప్రమాద హెచ్చరిక దాటి లంకలు జలమయమైనప్పుడును ప్రజలకు పడవయే దిక్కయినది. కొన్ని పడవలు ఎల్లప్పుడు రేవుననే యుండును. మరికొన్నిటిని ట్రాక్టరు వెనుక ట్రెయిలరుపై నెక్కించి ఏటిగట్టు మీదుగా తీసికొనిపోవలసి యుండును. గట్టుమీది దారి ఇరుకు. అచ్చట ఇరుసు విరిగినచో పడవ నిలిచిపోవుటయే గాక, వెనుక వచ్చు బండ్లకును దారి మూసికొనిపోవును.

ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది వెలువడును. మొదటి హెచ్చరిక పడవను కదలించుటకు వేళ. బండి క్రింద దూరి ఇరుసును చూచుటకు కాదు. ఆ పరీక్ష వేసవిలోనే ముగియవలెను. పంచాయతీ సభ్యులు ఇందుకై మెకానిక్కులు కానక్కరలేదు. పని సరిగా జరిగినదో లేదో తెలిసికొనగలిగిన చాలును.

లోపమును గుర్తించుట

మొదట టైర్లను చూడుడు. ఒక టైరు ఒక అంచుననే అరిగినచో ఇరుసు వంగినదేమో యని అనుమానింపవలెను. పడవను దింపి, బండిని చదునైన నేలపై నిలిపి, వెనుక నుండి చూడుడు. రెండు చక్రములును ఒకే తీరున నిలువవలెను. ఒకటి మాత్రమే ప్రక్కకు వాలరాదు.

తరువాత రెండు టైర్ల నడుమ సుద్దతో గుర్తులు పెట్టి, ముందువైపున ఇరుసు ఎత్తులో ఆ గుర్తుల మధ్య దూరమును టేపుతో కొలువుడు. బండిని జరిపి, అవే గుర్తులు వెనుకవైపునకు వచ్చినప్పుడు మరల కొలువుడు. ఈ రెండు కొలతలకును సుమారు 3 మిల్లీమీటర్లకు మించిన తేడా యున్నచో ఇరుసు వంగియుండవచ్చును.

ట్రాక్టరుకు తగిలించు కొక్కెము నుండి రెండు చక్రముల నడిబొడ్డుల వరకు గల దూరములు కూడ సమానముగ నుండవలెను. లేనిచో ఇరుసు వంగకపోయినను కమాను కట్టలపై ప్రక్కకు జరిగినదని తెలియవలెను.

పిమ్మట ఒక్కొక్క చక్రమును జాకీతో లేపి, పైనను క్రిందను పట్టుకొని కదపవలెను. లొటలొటలాడినచో బేరింగు వదులైనది. త్రిప్పినప్పుడు గరగర శబ్దము వచ్చినచో అది అరిగినది.

బాగుచేయుటయా, మార్చుటయా?

బేరింగు మాత్రమే చెడినచో దానిని మార్చిన చాలును. ఇరుసు జరిగినచో సరిచేసి బిగించిన చాలును. కాని వంగినను, పగులు కనబడినను, బేరింగు కూర్చుండు చోట గుంటలు పడినను, తుప్పు పెచ్చులుగా రాలుచున్నను ఇరుసును మార్చియే తీరవలెను. కొలిమిలో కాల్చి సాగగొట్టుట, పగులుపై వెల్డింగు చేయించుట తక్కువ ఖర్చని తోచును. కాల్చిన ఇనుము మొదటి బలమును కోల్పోవును. గతుకు తగిలినప్పుడెల్ల ఇరుసు కొంచెము వంగి లేచుచుండును గనుక, అతుకు ప్రక్కనే కొత్త పగులు పుట్టును. అది తెగునది బరువు మోయునప్పుడే.

మార్చు విధము

కొత్త ఇరుసు కొనుటకు ముందు చక్రములు బిగించు ముఖముల మధ్య దూరము, రెండు కమాను కట్టల మధ్య దూరము, పాత ఇరుసు మందము, బేరింగు సంఖ్య, చక్రమునకు గల బోల్టుల సంఖ్య వ్రాసికొనవలెను. పడవ, ఇంజను, సామగ్రి, ట్రెయిలరు వీటి మొత్తము బరువు కంటె ఎక్కువ మోయగల ఇరుసునే ఎన్నుకొనవలెను.

చక్రములు నేలపై నుండగనే వాని నట్లను వదులు చేయవలెను. ఫ్రేము క్రింద జాకీ పెట్టి లేపి, గట్టి దిమ్మెలపై నిలుపవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి ఎవరును క్రింద దూరరాదు. కొత్త ఇరుసునకు కొత్త యు-బోల్టులనే వాడవలెను. కొక్కెము నుండి రెండు వైపుల దూరములు సమానమైన పిదపనే వానిని మార్చి మార్చి బిగించవలెను. బేరింగులను గ్రీజుతో నింపి, చక్రమును త్రిప్పుచు నట్టును బిగించి, కొంచెము వదలి, వ్రేళ్ళతో ఆనించి, కొత్త పిన్ను గ్రుచ్చవలెను. ఒకటి రెండు కిలోమీటర్లు నడిపి నట్లను మరల బిగించి, హబ్బును తాకి చూడవలెను. గోరువెచ్చగ నున్న మేలు. చేయి పెట్టలేనంత వేడియైనచో బేరింగు మిక్కిలి బిగిసినదని అర్థము.

ఉప్పునీటి జాగ్రత్త

అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రతీర ప్రాంతములలో ఉప్పునీరు ఇరుసునకు బద్ధశత్రువు. దూరము నడచి వేడెక్కిన హబ్బును వెంటనే నీటిలో దింపినచో, లోపలి గాలి చల్లబడి ముడుచుకొని, సీలు గుండ నీటిని లోనికి పీల్చును. గ్రీజు మజ్జిగవలె తెల్లబడినచో నీరు చేరినట్లే. కావున బండి చల్లారిన పిదపనే నీటిలో దింపి, పని ముగిసిన వెంటనే మంచినీటితో కడుగవలెను.

పంచాయతీ చేయదగినది

ఎద్దుబండి నడిపిన పెద్దలకు కందెన విలువయు, శీల విలువయు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఆ జాగ్రత్తయే ఇచ్చటను కావలెను. ప్రతి సంవత్సరము మే నెలలో ఈ పరీక్ష జరిపించి, కొలతలను ఒక పుస్తకములో వ్రాయించుడు. బండి బాధ్యతను ఒక్కరికి అప్పగించుడు. ఒక జత బేరింగులు, సీళ్ళు, పిన్నులు, గ్రీజు, జాకీ, దిమ్మెలు బండితోనే యుంచుడు. మార్పు అవసరమైనచో ఖర్చునకు జంకక, వరదకు ముందే తీర్మానము చేయుడని మేము మనవి చేయుచున్నాము. లంకలో మెరక మీద నిలిచి ఎదురు చూచువారికి కావలసినది వేళకు రేవు చేరిన పడవ.