సన్నగా ఉన్నా మాటే... బరువు పెరిగినా మాటే!

'ఏటమ్మా, ఇలా చిక్కిపోనావు?'

హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన పిల్లకు శ్రీకాకుళం పల్లెల్లో ఎదురయ్యే మొదటి పలకరింపు ఇదే. నాలుగు రోజులు అమ్మ చేతివంట తిని తేరుకుందా... 'లావైపోనావేటే!' అనేస్తారు. ఆప్యాయతతో అనే మాటలే, కాదనలేం. కానీ అద్దం ముందు నిలబడిన పదిహేనేళ్ల పిల్లకు అందులో ఆప్యాయత వినపడదు. కొలత ఒక్కటే వినిపిస్తుంది.

ఇలా ఒంటితీరు చూసుకుని కుంగిపోయేవారికి ధైర్యం చెప్పడానికి నగరాల్లో ఇప్పుడు 'బాడీ ఇమేజ్ కోచ్'లు వచ్చారు. ఒళ్లు ఎలా కనిపిస్తోందన్నది కాస్త పక్కనపెట్టి, దానితో ఏమేం చేయగలుగుతున్నావో చూసుకోమంటారు వాళ్లు. ఆ పేరు, ఆ ఫీజు ఏవీ లేని రోజుల్లోనే ఆమదాలవలస దగ్గరి వూసవానిపేటలో ఓ అమ్మాయి ఆ పాఠం నేర్చుకుంది. ఇనుపకడ్డీ దగ్గర!

కరణం మల్లీశ్వరి పేరు తెలియని తెలుగిల్లు లేదు. తెలియాల్సిన సంగతి వేరే ఉంది. అక్కలతోపాటు తానూ బరువులు ఎత్తుతానని పన్నెండేళ్ల వయసులో వెళ్తే కోచ్ నీలంశెట్టి అప్పన్న ఆమెను ఎగాదిగా చూశారట. మరీ బక్కగా ఉన్నావు, నీవల్ల కాదన్నారట. వెన్నుతట్టింది తల్లి శ్యామల. ఆ బక్కపిల్లే 1994, 1995 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో 54 కిలోల విభాగంలో స్వర్ణాలు గెలిచింది. తర్వాత ఆమెను తీర్చిదిద్దింది కూడా అదే అప్పన్న.

ఇక 2000 సంవత్సరం. సిడ్నీ ఒలింపిక్స్‌కు ఆమె ఎంచుకున్నది 69 కిలోల విభాగం. అప్పటికి పెళ్లయి మూడేళ్లు. ఇంకేముంది... ఒళ్లు పెరిగిపోయిందనీ, తిండి ఎక్కువైందనీ, ఇక ఆమె పని అయిపోయిందనీ రాతలు మొదలయ్యాయి. పన్నెండేళ్లప్పుడు బక్కదైన ఒళ్లే పాతికేళ్లకు లావైంది! పెద్ద విభాగంలో పోటీపడాలంటే బరువు పెరగక తప్పదన్న చిన్న విషయం ఎవరికీ పట్టలేదు. తొడల్లో, వీపులో, భుజాల్లో కండ లేనిదే నూరు కిలోలకు పైబడ్డ కడ్డీ నేల విడిచి పైకి లేవదు.

సెప్టెంబరు 19న ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130... మొత్తం 240 కిలోలు ఎత్తింది. కాంస్యం. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ! ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లి తప్పిపోయింది గానీ, లేకపోతే స్వర్ణమే. మరో ముచ్చట. ఆ రోజు మొదటి రెండు స్థానాల వాళ్లూ ఎత్తింది 242.5 కిలోలే. అప్పటి నిబంధన ప్రకారం ఒంటి బరువు తక్కువున్న చైనా అమ్మాయి లిన్ వెయినింగ్‌కు స్వర్ణం, హంగరీ క్రీడాకారిణికి రజతం దక్కాయి. అక్కడ ఒంటి బరువంటే ఒక అంకె. అందానికీ అంకెకూ లంకె లేదు.

అలాగని ఈ ఆటలో అంతా హాయి అనుకోకూడదు. పోటీకి రెండు గంటల ముందు తూకం వేస్తారు. విభాగం దాటిపోతామేమోనని నీళ్లు కూడా మానేసి నోరెండబెట్టుకునేవాళ్లున్నారు. కాటా భయం అక్కడా ఉంది. కాకపోతే ఆ కాటా మీద నిలబడిన పిల్లను 'పెళ్లెలా అవుతుందే?' అని ఎవరూ అడగరు.

ఆ ప్రశ్న ఎదురయ్యేది ఊళ్లోనే. వీరఘట్టానికి చెందిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకుంటే 'కలియుగ భీముడు' అని నెత్తిన పెట్టుకుంది ఈ నేలే. భారీకాయం మగవాడికి బిరుదు తెచ్చింది. అదే కండ ఆడపిల్లకు వస్తే 'మగరాయుడు' అనేస్తారు. ఊళ్లో మాట సంగతి అలా ఉంచితే, పురుషుల వెయిట్‌లిఫ్టింగ్ 1896 ఒలింపిక్స్‌లోనే ఉంది. మహిళలకు తలుపు తెరుచుకుంది సిడ్నీలోనే, 104 ఏళ్ల తర్వాత!

తెరుచుకున్నాక మాత్రం ఉత్తరాంధ్ర ఆడపిల్లలు ఆగలేదు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడకు వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచింది. మొదట కాంస్యమే. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోవడంతో అది రజతమైంది.

'బక్కగా ఉన్నావు' అనిపించుకున్న మల్లీశ్వరి 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఏ పిల్ల ఏ ఆటకు పనికొస్తుందో తేల్చే కుర్చీ ఎదుట ఒకప్పుడు నిలబడిన మనిషి, ఆ కుర్చీలోనే కూర్చున్నారన్నమాట.