ఒంటిచేత్తో కట్టిన ఊరు

పదిమంది డెవలపర్లు, నలుగురు టెస్టర్లు, పైన ఒక మేనేజరు ఉన్నా రిలీజు తేదీ జరిగిపోవడం మనకి కొత్తేమీ కాదు. ప్రోగ్రాము, బొమ్మలు, సంగీతం, సంభాషణలు అన్నీ ఒక్కడే చేస్తే? ఎరిక్ బరోన్ చేశాడు. నాలుగున్నరేళ్లు పట్టింది. ఆ ఆట పేరు స్టార్‌డ్యూ వ్యాలీ.

2011లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం టకోమా శాఖలో కంప్యూటర్ సైన్స్ పూర్తిచేసిన ఎరిక్‌కి ఉద్యోగం దొరకలేదు. ప్రోగ్రామింగుకి పదును పెట్టుకుందామని ఒక ఆట మొదలుపెట్టాడు. చిన్నప్పటినుంచీ అతనికి 'హార్వెస్ట్ మూన్' అనే జపాన్ ఆటంటే ప్రాణం. విత్తనం వెయ్యడం, నీళ్లు పొయ్యడం, ఊరివాళ్లతో స్నేహం చెయ్యడం, అంతే ఆట. అందులోనూ 1999లో వచ్చిన 'బ్యాక్ టు నేచర్' మరీ ఇష్టం. తర్వాత వచ్చిన భాగాల్లో ఆ రుచి తగ్గిందనిపించి, తనకి నచ్చే ఆట తానే రాసుకున్నాడు. యానిమల్ క్రాసింగ్, టెర్రేరియాల ప్రభావమూ ఇందులో ఉంది.

వాడినవి మనకి తెలిసిన సి-షార్ప్, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఎన్‌ఏలే. రోజుకి పదేసి గంటల పని. నచ్చని బొమ్మల్ని చెరిపి మళ్లీ మళ్లీ గీశాడు. మరి ఇల్లెలా గడిచింది? సగం పూర్తయిన ఆటని ముందుగా అమ్ముకోవడానికి అతను ఒప్పుకోలేదు. సియాటిల్ పారమౌంట్ థియేటర్‌లో ప్రేక్షకులకి సీట్లు చూపించే పార్ట్‌టైమ్ పని చేశాడు. సంసారం బరువు చాలావరకు మోసింది అతని సహచరి.

2016 ఫిబ్రవరి 26న ఆట విడుదలైంది. ధర 15 డాలర్లు. రెండు నెలల్లో పది లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. 2024 డిసెంబరుకి ఆ లెక్క 4 కోట్ల 10 లక్షలు దాటింది. కొన్నవాళ్లకి కొత్త వెర్షన్లన్నీ ఉచితంగానే ఇస్తూ వచ్చాడు. 2024 మార్చిలో వచ్చిన 1.6 కూడా అంతే.

ఆట మొదట్లో కథానాయకుడు మనలాంటివాడే. క్యూబికల్‌లో కూర్చుని విసిగిపోయి, తాతగారు రాసిచ్చిన ఉత్తరం విప్పి, పల్లెలో పొలానికి వెళ్లిపోతాడు. తాతగారి ఊరు గుర్తున్నవాళ్లకి అక్కడ గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

అలాగని రేపే రాజీనామా ఇమ్మని నేను చెప్పలేను. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఎరిక్‌కి ఆ గడియారం లేదు, తోడుగా సంపాదించే మనిషి ఉంది. అతని కథ చెప్పేటప్పుడు ఈ రెండూ కలిపే చెప్పాలి.

ఆటలో మొదటి పార్స్‌నిప్ పంట నాలుగు రోజుల్లో చేతికొస్తుంది. దాన్ని నాటినవాడికి మాత్రం నాలుగున్నరేళ్లు పట్టింది.