బాయిలర్ పగుళ్ల నుంచి భుజం కీలు దాకా

తాండూరులోగానీ వికారాబాద్‌లోగానీ స్కానింగ్ సెంటర్‌కు వెళితే గోడ మీద ఓ బోర్డు ఉంటుంది: ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయరు. 1994 నాటి చట్టం పెట్టించిన బోర్డు అది. అల్ట్రాసౌండ్ అంటే కడుపులో బిడ్డను చూసే మిషను అనే మనకు తెలుసు. పట్టేసిన భుజం గుట్టు కూడా అది విప్పుతుంది.

దాని మూలాలు ఆసుపత్రి బయట ఉన్నాయి. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే అవే కంపిస్తాయని తర్వాత తేలింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో భౌతిక శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ ఆ కంపనాలతో జలాంతర్గాముల ఆచూకీ పట్టే పద్ధతి రూపొందించాడు. ఆ తర్వాత లోహాల్లో పగుళ్లు పట్టే పరికరాలు వచ్చాయి. 1955లో గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, ఆపరేషన్లలో తీసిన కణితులను కారులో వేసుకుని రెన్‌ఫ్రూలోని బాయిలర్ల కర్మాగారంలో ఉన్న అలాంటి పరికరం దగ్గరికి వెళ్లాడు. నీటి గడ్డకూ గట్టి కణితికీ ప్రతిధ్వనులు వేరువేరుగా వచ్చాయి! ఇంజినీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్‌లతో కలిసి 1958లో ఆయన లాన్సెట్ వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించాడు.

భుజం వంతు 1970ల చివర్లో వచ్చింది.

పట్టేసిన భుజంలో, అంటే ఫ్రోజెన్ షోల్డర్‌లో, కీలును కప్పి ఉండే పొర వాచి, మందమై, బిగుసుకుపోతుంది. 40 నుంచి 60 ఏళ్లవారిలో, అందులోనూ షుగరు ఉన్నవారిలో ఎక్కువ. జడ వేసుకోవడమే గగనమవుతుంది. తాండూరు నాపరాళ్లు మోసే మనిషికైతే బరువుల వల్లే అనిపిస్తుంది. స్నాయువు తెగినా చెయ్యి లేవదు కదా! కానీ అప్పుడు ఇంకొకరు పట్టి లేపితే సాధారణంగా లేస్తుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎవరు లేపినా లేవదు.

ఇక్కడే అల్ట్రాసౌండ్ గొప్పతనం తెలుస్తుంది. ఎమ్మారైలో కదలకుండా పడుకోవాలి. ఇక్కడ కూర్చోబెట్టి, భుజానికి జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, మోచేతిని ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పమంటారు. మామూలు భుజంలో ముందువైపు స్నాయువు తెర మీద సాఫీగా జారుతుంది. పట్టేసిన భుజంలో దారిలోనే ఆగిపోతుంది. కీలు ముందుభాగంలోని కొరకోహ్యూమరల్ లిగమెంటు మందంగా కనిపించవచ్చు. రక్తం పారుదలను చూపే డాప్లర్ పెడితే ఆ చుట్టుపక్కల రక్తప్రసరణ పెరిగిన గుర్తులూ కనిపించవచ్చు. స్నాయువు తెగిందా లేదా అన్నదీ అక్కడే తేలుతుంది.

అయితే స్కాన్ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. డాక్టరు చేత్తో తిప్పి చూసే పరీక్షే మొదటిది. కీలు అరుగుదలను పట్టడానికి ఎక్స్‌రే కూడా కావాలి.

వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ చదివే పిల్లలకు గర్భిణుల స్కాన్‌తోపాటు భుజాన్ని కదిలిస్తూ చూసే స్కాన్ కూడా నేర్పాలి. షుగరు ఉండి చెయ్యి పైకి లేవనివారు మర్దనాలతో నెలలు గడపకుండా ముందు ఎముకల డాక్టరును కలవండి.