జీతమిచ్చేవాడికి ఫీజెందుకు?

ఇంటి నుంచే సంపాదన అనే ప్రకటనల్లో నిజమేదో, మోసమేదో తేల్చే పరీక్ష ఒక్కటే: డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తోంది? అందులో నెగ్గిన పనికి కూడా మరో లెక్క వేసి చూడాల్సిందే.

"ఇంట్లో కూర్చుని రోజుకు రెండు వేలు సంపాదించండి. అనుభవం అక్కర్లేదు." ఒకప్పుడు ఈ మాటలు కరెంటు స్తంభాల మీద, బస్సుల్లో సీట్ల వెనక, దినపత్రికల క్లాసిఫైడ్స్‌లో కనిపించేవి. ఇప్పుడు నేరుగా వాట్సాప్‌లోకి వస్తున్నాయి. గోడ మారింది కానీ రాత మారలేదు.

ఈ పిలుపు అందుకునేవారంతా అత్యాశపరులేమీ కాదు. పసిపిల్లల తల్లులు, ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే డిగ్రీ విద్యార్థులు, పింఛను చాలని రిటైర్డ్ ఉద్యోగులు, బయట తిరగలేని వికలాంగులు. వీరిలో చాలామందికి ఇల్లు దాటి పని చేసే వీలు లేదు. 2020 నాటి లాక్‌డౌన్‌తో 'వర్క్ ఫ్రం హోమ్' అనే మాటకు గౌరవం వచ్చింది. మోసగాళ్లు ఆ గౌరవాన్నే అరువు తెచ్చుకున్నారు.

వెయ్యికి 866 లాభం

ఎక్కువగా కనిపించే వల 'టాస్క్'. హోటళ్లకు రేటింగ్ ఇవ్వడం, వీడియోలకు లైకులు కొట్టడం, స్క్రీన్‌షాట్ పంపడం ఇందులో పని. మొదటి రోజే వందో రెండొందలో ఖాతాలో పడతాయి. ఆ తర్వాత టెలిగ్రామ్ గ్రూపులోకి చేర్చుకుని, ముందు కొంత సొమ్ము కడితే ఎక్కువ లాభమొచ్చే టాస్కులున్నాయంటారు. గ్రూపులో "నాకు డబ్బు వచ్చింది" అని మురిసిపోయే సభ్యులు చాలావరకు ముఠా మనుషులే.

2023లో హైదరాబాద్ పోలీసులకు ఫిర్యాదు చేసిన ఒక వ్యక్తి విషయంలో ఇదే జరిగింది. వెయ్యి రూపాయలు పెడితే 866 రూపాయల లాభం, 25,000 పెడితే 20,000 లాభం వచ్చాయి. ఆ నమ్మకంతో పెడుతూ పోయిన 28 లక్షలు తిరిగి రాలేదు. తీగ లాగితే దేశవ్యాప్తంగా దాదాపు 15,000 మంది నుంచి 712 కోట్ల రూపాయలు కొల్లగొట్టిన వ్యవహారం బయటపడిందని ఆ ఏడాది జులైలో పోలీసులు ప్రకటించారు. అదే ఏడాది డిసెంబరులో కేంద్రం ఇలాంటి వందకు పైగా వెబ్‌సైట్లను నిలిపివేసింది.

మొదట చేతికొచ్చే ఆ చిన్న మొత్తం కూడా ప్రమాదమే. అది తరచుగా మరో బాధితుడి సొమ్ము. అతను ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు చేరిన ఖాతాలన్నీ స్తంభించిపోవచ్చు.

నోటీసు భయం

రెండో వల డేటా ఎంట్రీ. ఇక్కడ ముందుగా డబ్బు అడగరు. ఆధార్ తీసుకుని, ఒప్పందంపై సంతకం చేయించి, అయిదారు రోజుల్లో వందల కొద్దీ ఫారాలు నింపమంటారు. పని పూర్తి చేశాక తప్పులెక్కువ ఉన్నాయని తేలుస్తారు. ఆపై 'లాయరు' ఫోన్: ఒప్పందం ఉల్లంఘించారు, నష్టపరిహారం కట్టకపోతే కేసు. చాలామంది పరువుకు భయపడి కట్టేస్తారు. నిజానికి లాయరు నోటీసు కోర్టు సమన్లు కాదు. మోసంతోనో, బెదిరింపుతోనో చేయించిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఇచ్చింది.

మూడోది అన్నిటికన్నా ముప్పు: "మీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వండి, కమీషన్ ఇస్తాం". పోలీసు పరిభాషలో దీనికి మ్యూల్ ఖాతా అని పేరు. ఇందులో ఖాతాదారు బాధితుడు కాదు, నిందితుడు.

వలలో చిక్కినవాళ్లే వల విసిరేవాళ్లుగా మారిన ఉదంతాలూ ఉన్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ ఏజెంట్లు పంపిన ఉత్తరాంధ్ర యువకులతో కంబోడియాలో బలవంతంగా సైబర్ మోసాలు చేయిస్తున్నారని 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు.

బీడీ కార్ఖానా పాఠం

ఇంటి వద్ద పని తెలుగునాట కొత్తదేమీ కాదు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల్లో మహిళలు తరతరాలుగా ఇంట్లోనే బీడీలు చుడుతున్నారు. తునికాకు, తంబాకు కార్ఖానా ఇస్తుంది. కార్మికురాలు ఇచ్చేది శ్రమ, తీసుకునేది కూలి. ఇంటి వద్ద పని చేసేవారినీ 1966 నాటి బీడీ కార్మికుల చట్టం కార్మికులుగానే గుర్తించింది. అక్కడా కష్టాలున్నాయి. ఇచ్చిన ఆకు చాలక సొంత డబ్బుతో కొనాల్సి వస్తోందన్నది వారి పాత ఫిర్యాదు. పనివాడి జేబులోంచి డబ్బు కదలడం అన్యాయమని వారికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ కొలతతో చూస్తే రిజిస్ట్రేషన్ ఫీజు, శిక్షణ ఫీజు, తిరిగిచ్చే డిపాజిట్ అన్నీ ఒకటే. 2011లో కుప్పకూలిన స్పీక్ ఏషియా ఏడాదికి 11,000 రూపాయలు కట్టించుకుని, సర్వేలు నింపితే వారానికి వెయ్యి ఇస్తామంది. అంటే 11,000కు 52,000. ఆ సర్వేలకు డబ్బిచ్చే కంపెనీలేవన్న ప్రశ్న లక్షలాది సభ్యులకు ఆలస్యంగా తట్టింది.

నిజమైనా లాభమేనా?

మోసం కాదని తేలినంత మాత్రాన పని గిట్టుబాటవుతుందని కాదు. ఉదాహరణకు టైపింగ్‌కు పేజీకి 10 రూపాయలు, గంటకు అయిదు పేజీలు అనుకుంటే ఎనిమిది గంటలకు 400. తప్పులు దిద్దడానికి మరో రెండు గంటలు పోతాయి. పదో వంతు పేజీలు తిరస్కరిస్తే మిగిలేది 360. పది గంటల చాకిరీకి గంటకు 36 రూపాయలే. ఇంటర్నెట్, కరెంటు ఖర్చు అందులోంచే. అదే ఓపికతో వీధిలో నాలుగు ట్యూషన్లు చెప్పినా, బ్లౌజులు కుట్టినా ఎంత వస్తుందో పక్కన రాసి చూసుకోవాలి.

ఒప్పుకునే ముందు

* కంపెనీ నమోదు వివరాలను కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. నమోదైనంత మాత్రాన నిజాయితీకి హామీ లేదు.
* పేరున్న సంస్థ తరఫున అంటే, మెసేజీలోని నంబరుకు కాక ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోని నంబరుకు ఫోన్ చేసి అడగాలి.
* ఈ పనికి చివరికి డబ్బిచ్చే కస్టమర్ ఎవరో తెలియాలి. జవాబు లేకపోతే ఆ కస్టమర్ మీరే.
* రేటు, చెల్లించే తేదీ, తిరస్కరించే షరతులు రాతపూర్వకంగా ఉండాలి. ముందు చిన్న పని చేసి, డబ్బు అందాకే పెద్దది ఒప్పుకోవాలి.
* ఓటీపీ, ఏటీఎం కార్డు, ఖాళీ చెక్కు ఏ ఉద్యోగానికీ అవసరం లేదు.

మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సొమ్ము ఖాతాలు మారేలోగా ఆపగలిగితేనే కొంతైనా దక్కే అవకాశముంటుంది. ఇంట్లో తెలిస్తే ఏమంటారోనని తటపటాయించే ప్రతి గంటా దోచుకున్నవాడికే కలిసొస్తుంది.