ఇంటి కంప్యూటర్‌లో లినక్స్, లినక్స్‌లో తెలుగు

పరిచయం

పల్నాడు జిల్లా ముప్పాళ్ళలో ఉంటూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న విద్యార్థి ఒకరు ఉన్నారనుకుందాం. ఇంట్లో పదేళ్ళ కిందటి కంప్యూటర్ ఉంది. అసైన్‌మెంట్ తెలుగులో టైపు చేయించాలంటే సత్తెనపల్లికో నరసరావుపేటకో వెళ్ళి, డి.టి.పి. సెంటర్‌లో పేజీకి ఇంతని ఇచ్చి రావాలి. ఒక్క ఒత్తు దిద్దాలన్నా మళ్ళీ బస్సెక్కాలి. పోనీ ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని ఇంట్లో తెరిస్తే, తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనబడుతుంది. ఆ పాత కంప్యూటర్‌ను లినక్స్‌తో మళ్ళీ పనిలో పెట్టి, ఎక్కడ తెరిచినా చెడిపోని తెలుగును మీరే రాసుకోవడం ఎలాగో ఈ భాగంలో తెలుసుకుందాం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 కావాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్, కొంత కొత్త ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి పైవి. అంతకన్నా పాతవి చెడిపోకపోయినా పక్కన పడుతున్నాయి. లినక్స్ విలువ తెలిసేది ఇక్కడే. 1991లో ఫిన్‌లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్, అంతకు ముందు 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ కలిసి ఈ ఆపరేటింగ్ సిస్టమ్ అయింది. దీన్ని ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్నదీ లినక్స్ కెర్నలే. కాబట్టి ఇది మీకు పూర్తిగా కొత్తదేమీ కాదు.

ముందు చూడండి, తరువాత ఎక్కించండి

లినక్స్ రకరకాల పేర్లతో, రకరకాల కూర్పులుగా వస్తుంది. మొదటిసారి వాడేవారికి లినక్స్ మింట్ మంచిదని మా అభిప్రాయం. మెనూ, టాస్క్‌బార్ విండోస్‌ను పోలి ఉంటాయి కాబట్టి తడుముకోనక్కరలేదు. దీనికి కనీసం 2 జి.బి. ర్యామ్, 20 జి.బి. డిస్క్ స్థలం కావాలి. ర్యామ్ 4 జి.బి. ఉంటే పని హాయిగా సాగుతుంది. తక్కువ ఉన్నవారు అందులోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకాన్ని ఎంచుకోండి.

కంప్యూటర్‌లో ఉన్నదాన్ని చెరపకుండానే లినక్స్‌ను పరీక్షించవచ్చు. డౌన్‌లోడ్ చేసిన ఫైలును రూఫస్ వంటి ప్రోగ్రామ్‌తో 8 జి.బి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచి ప్రారంభించండి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ పోతాయి కాబట్టి ఖాళీది వాడండి. లినక్స్ తెర వచ్చాక వైఫై, శబ్దం, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. వైఫై దొరకకపోతే నిరాశపడకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగులలో యు.ఎస్.బి. టెథరింగ్ నొక్కితే చాలాసార్లు ఏ డ్రైవరూ వెతక్కుండానే నెట్ వచ్చేస్తుంది. బ్రాడ్‌బ్యాండ్ లేని ఇళ్ళలో ఈ ఒక్క కిటుకు ఎంతో ఉపయోగం.

నచ్చిన తరువాతే ఇన్‌స్టాల్ చేయండి. అంతకు ముందు ఫొటోలు, పత్రాలు అన్నీ వేరే చోట భద్రపరచండి. డిస్క్‌ను విభజించే చోట ఒక్క తప్పు బటన్ నొక్కితే అన్నీ పోవచ్చు.

తెలుగు ఎందుకు గజిబిజి అవుతుంది?

డి.టి.పి. కేంద్రాలలో చాలాకాలంగా అను వంటి పాత పద్ధతి ఫాంట్లు వాడుతున్నారు. వాటిలో తెలుగు అక్షరం నిజానికి తెలుగు అక్షరంగా దాచబడదు. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, ఇలా బొమ్మల ముక్కలను ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాలలో కూర్చి పెడతారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగు కనిపిస్తుంది. లేనిచోట అసలు సరుకు బయటపడుతుంది. కంప్యూటర్ తప్పు ఏమీ లేదు, దానికి ఇచ్చినదే అది.

యూనికోడ్ పద్ధతి వేరు. ఇందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. ముప్పాళ్ళ అనే పేరునే తీసుకుందాం. కంటికి మూడు అక్షరాలు: ము, ప్పా, ళ్ళ. కంప్యూటర్ దాచేది మాత్రం తొమ్మిది సంకేతాలు: మ, ఉకారం, ప, పొల్లు, ప, దీర్ఘం, ళ, పొల్లు, ళ. మ సంఖ్య 3118, ప 3114, పొల్లు 3149. ప తరువాత పొల్లు, మళ్ళీ ప వస్తే, రెండో ప ఒత్తుగా మారి కింద చేరాలని నిర్ణయించేది ఫాంటు, దాన్ని చూపించే ప్రోగ్రామ్. దాచిన సంఖ్యలు మారవు. అందుకే యూనికోడ్‌లో రాసిన పత్రం ఫాంట్ మార్చినా తెలుగుగానే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది.

తెలుగు టైపు చేయడం

మింట్‌లో కీబోర్డ్ సెట్టింగులు తెరిచి, లేఅవుట్స్ అన్నచోట తెలుగును చేర్చండి. మామూలు తెలుగు లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఉంటుంది. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడిచేతి వైపు హల్లులు. ముప్పాళ్ళ అని రాయడానికి సి, జి, హెచ్, డి, హెచ్, ఇ, షిఫ్ట్‌తో ఎన్, డి, మళ్ళీ షిఫ్ట్‌తో ఎన్ నొక్కాలి. డి మీటే పొల్లు. మీటలూ తొమ్మిదే, సంకేతాలూ తొమ్మిదే అని గమనించారా? హిందీకి, కన్నడానికి కూడా ఇదే అమరిక కాబట్టి ఒకసారి చేయి తిరిగితే ఆ భాషల కీబోర్డు కూడా వచ్చినట్టే.

ఇంగ్లీషు ఉచ్చారణతో రాయడం అలవాటున్నవారికి ఐబస్ అనే ఇన్‌పుట్ వ్యవస్థ, దానికి ఎం17ఎన్ అనే జోడింపు ఉన్నాయి. రెండింటినీ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో వెతికి ఎక్కించుకోండి. అందులో కనిపించే ఆర్.టి.ఎస్. పద్ధతి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువారు ఈమెయిళ్ళ తొలిరోజుల్లో రూపొందించుకున్నది. పేరులోని మొదటి అక్షరం రైస్‌దే.

ఏది నేర్చుకోవాలి? రోజుకు నాలుగు వాక్యాలు రాసేవారికి ఆర్.టి.ఎస్. చాలు. డిగ్రీ తరువాత టైపింగ్‌ను జీవనోపాధిగా చేసుకోవాలనుకునేవారు ఇన్‌స్క్రిప్ట్‌కు రెండు వారాలు కేటాయించడం మేలు. మొదటి మూడు రోజులు విసుగొస్తుంది.

ఇక ఫాంట్లు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు లినక్స్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు విజయం అనే ఫాంట్ల సంపుటంలో మల్లన్న, మండలి, ధూర్జటి, గిడుగు, గురజాడ వంటి పేర్లతో మరికొన్ని ఉన్నాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ స్వచ్ఛంద కార్యకర్తలు లినక్స్ మెనూలను, సందేశాలను తెలుగులోకి తెచ్చే పని చేశారు. మెనూలు తెలుగులో కావాలో ఇంగ్లీషులో కావాలో మీ ఇష్టం. నెట్‌లో సహాయం వెతికేటప్పుడు మాత్రం ఇంగ్లీషు మెనూ పేర్లు తెలిసి ఉండడం అవసరం.

లిబ్రే ఆఫీస్‌లో ఒక చిక్కు

మింట్‌తో పాటే లిబ్రే ఆఫీస్ వస్తుంది. అందులోని రైటర్‌లో అసైన్‌మెంట్ రాయవచ్చు. కొత్తవారిని ఇబ్బంది పెట్టేది ఫాంట్ మార్పు. స్టైల్‌లో ఫాంట్ మార్చినా, సైజు పెంచినా తెలుగు అక్షరాలు కదలవు. లిబ్రే ఆఫీస్ ఇంగ్లీషుకు ఒక ఫాంట్, తెలుగు వంటి లిపులకు మరో ఫాంట్ విడిగా గుర్తుపెట్టుకోవడమే దీనికి కారణం. టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, భాషల విభాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌ను గుర్తు పెట్టండి. తరువాత రైటర్ విభాగంలో ఆ లిపులకు సంబంధించిన బేసిక్ ఫాంట్స్ పేజీ కనిపిస్తుంది. అక్కడ మీకు నచ్చిన తెలుగు ఫాంట్, సైజు ఒకసారి ఇస్తే కొత్త పత్రాలన్నిటికీ వర్తిస్తుంది.

సమర్పించే ప్రతిని పి.డి.ఎఫ్.గా ఎగుమతి చేయండి. అందులో ఫాంట్ కూడా ఇమిడి ఉంటుంది కాబట్టి ప్రింట్ తీసేవారి కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోయినా అక్షరం చెదరదు. దిద్దుకోవడానికి మాత్రం అసలు ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి.

లినక్స్‌తో కుదరని పనులు

అను, పేజ్‌మేకర్, ఫొటోషాప్, టాలీ విండోస్ కోసం చేసినవి లేదా విండోస్ మీద వాడేవి. లినక్స్‌లో నేరుగా నడవవు. కామర్స్ విద్యార్థులు టాలీ నేర్చుకోవాల్సి ఉంటే, స్థలం ఉన్నంతవరకు విండోస్‌ను తీసేయకుండా రెండింటినీ పక్కపక్కన ఉంచుకోవడమే సరైన పద్ధతి. కొత్తది నచ్చిందని పాతదాన్ని వెంటనే చెరిపేయడం తొందరపాటు.

నిర్వహణ

అప్‌డేట్ మేనేజర్ చూపించే నవీకరణలను వారానికొకసారి చేయండి. మొబైల్ డేటా మీద ఆధారపడేవారు నెల చివరికి వాయిదా వేసినా, భద్రతకు సంబంధించిన వాటిని ఆపవద్దు. హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్.ఎస్.డి. వేయిస్తే పాత కంప్యూటర్ వేగంలో తేడా వెంటనే తెలుస్తుంది. డబ్బు ఖర్చుపెట్టదలిస్తే మొదట దాని మీదే పెట్టండి.

మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ సిస్టమ్ స్థితిని అప్పుడప్పుడు దాచిపెడుతుంది. నవీకరణ వల్ల ఏదైనా చెడితే నిన్నటి స్థితికి వెళ్ళవచ్చు. అయితే మామూలు అమరికలో అది మీ సొంత పత్రాలను దాచదు, కేవలం సిస్టమ్ ఫైళ్ళనే దాస్తుంది. హోమ్ ఫోల్డర్‌లోని అసైన్‌మెంట్లు, నోట్సు, ఫొటోలను నెలకొకసారైనా మీరే మరో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.