ఆట ఎందుకు ఏడిపిస్తుంది? కాటి సీను నుంచి కంట్రోలర్ దాకా కొన్ని లెక్కలు

మైలవరం అంటే పాత తరం నాటకాభిమానులకు గుర్తొచ్చేది బాలభారతి నాటక సమాజం. వందేళ్ల కిందట ఇక్కడి జమీందారు పోషణలో నడిచిన ఆ సమాజాన్ని జనం మైలవరం కంపెనీ అనేవారు. పద్య నాటకం తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టిన కాలమది. పద్యం మనసుకు పడితే ‘వన్స్ మోర్’ అని కేక పడేది, నటుడు మళ్లీ ఎత్తుకునేవాడు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను వచ్చిందంటే కళ్లు తుడుచుకోని వాళ్లు తక్కువ.

అదే మైలవరంలో 1998 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, ఇప్పుడు కుర్రకారు చేతుల్లో ఫోన్లున్నాయి. వాళ్ల వీడియో గేమ్‌ల గురించి ఇళ్లలో వినపడే మాటలు రెండే: చదువు పాడవుతుంది, డబ్బు పోతుంది. ఈ రెండు భయాలకూ కారణాలున్నాయి. కానీ ఎవరూ పెద్దగా అనని మూడో మాట ఒకటుంది. ఆట కూడా కాటి సీనులా ఏడిపించగలదు. అది చూసి వచ్చే ఏడుపు కాదు, చేసి వచ్చే ఏడుపు. ఎలాగో అంకెల్లో చూద్దాం. ఈ క్రమంలో కొన్ని ఆటల ముగింపులు చెప్పక తప్పడం లేదు.

121 మంది చెప్పింది

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. మిమ్మల్ని బాగా కదిలించిన ఆట అనుభవం ఏదని 121 మందిని అడిగారు. చాలామంది దుఃఖం గురించే రాశారు. పాత్ర చనిపోవడం, తోడు విడిపోవడం, తామే చేసిన ఎంపిక వెంటాడటం వంటివి చెప్పారు. ఆ బాధ ఆటను చెడగొట్టిందని వాళ్లు అనుకోలేదు, దాన్ని విలువైన అనుభవంగానే దాచుకున్నారు.

మనకిది కొత్త సంగతేం కాదు. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన 8 రసాల్లో కరుణ ఒకటి. శాంతం తర్వాత చేరి నవరసాలయ్యాయి. శోకం రసంగా మారితే మనిషి దాన్ని కోరి మరీ అనుభవిస్తాడని మన పెద్దలకు తెలుసు. భరతుడి కాలంలో లేనిది ఒక్కటే, ప్రేక్షకుడి చేతికి పగ్గాలివ్వడం.

5 క్రెడిట్ల కొలువు

లూకాస్ పోప్ దాదాపు ఒంటిచేత్తో చేసిన ‘పేపర్స్, ప్లీజ్’ 2013లో వచ్చింది. ఆర్స్‌టోట్స్కా అనే ఊహాదేశపు సరిహద్దులో మీరు తనిఖీ అధికారి. కథ 31 రోజులు నడుస్తుంది. కాగితాలు సరిగ్గా చూసి తేల్చిన ఒక్కో మనిషికి 5 క్రెడిట్లు వస్తాయి. ఇంటద్దె, తిండి, చలికాలపు హీటింగ్ అన్నీ అందులోంచే. పొరపాటు చేస్తే రోజులో తొలి 2 సార్లు హెచ్చరిక, మూడోసారి నుంచి జరిమానా.

ఒకరోజు ఓ పెద్దమనిషి కాగితాలు సరిగ్గా చూపించి దాటతాడు. వెనక నా భార్య వస్తోంది, కాస్త దయ చూపండి అంటాడు. ఆమె దగ్గర ప్రవేశ అనుమతి ఉండదు. పంపితే మీకు హెచ్చరిక. ఆపితే ఆ ఇద్దర్నీ విడదీసింది మీరే.

కాటికాపరి హరిశ్చంద్రుడి చిక్కు ఇదే కదా. పాము కాటుకు పోయిన కొడుకు లోహితాస్యుణ్ణి మోసుకొచ్చింది అతని భార్య చంద్రమతే. ఆమెను కాటి సుంకం అడగాలి, అడక్కపోతే సత్యం తప్పుతాడు. నాటకంలో ఆ మాట నటుడు అంటాడు, మనం జాలిపడతాం. ఆటలో ఆ పని మన వేలు చేస్తుంది, కాబట్టి మనం బాధ్యులమవుతాం. ఆటలకు మాత్రమే చేతనైన దుఃఖం జాలికీ బాధ్యతకీ మధ్య ఉన్న ఈ తేడాలోంచే పుడుతుంది.

2 స్టిక్కులు, ఇద్దరు అన్నదమ్ములు

స్వీడన్ సినిమా దర్శకుడు జోసెఫ్ ఫారెస్ 2013లో ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ తీసుకొచ్చాడు. కంట్రోలర్ మీద ఎడమ స్టిక్కు అన్నయ్యది, కుడి స్టిక్కు తమ్ముడిది. జబ్బుపడిన తండ్రికి మందు తేవడానికి ఇద్దరూ బయల్దేరతారు. తల్లి నీట మునిగి చనిపోయింది కాబట్టి తమ్ముడికి నీళ్లంటే భయం. ఏరు అడ్డమైతే అన్న వీపు పట్టుకునే దాటతాడు.

కథ చివర్లో అన్న చనిపోతాడు. ఎడమ చేతికి పని ఉండదు. తమ్ముడు ఒక్కడే ఏటి ఒడ్డుకొస్తాడు, కుడి వైపు ఏం నొక్కినా నీళ్లలో దిగడు. అప్పుడు ఆటగాడు అన్న వైపు బటన్ నొక్కాలి. నొక్కగానే తమ్ముడు ఈదుతాడు. అన్న లేకపోయినా అతనిచ్చిన ధైర్యం ఉందని ఒక్క సంభాషణ లేకుండా మన ఎడమ చేతికి తెలుస్తుంది. గంటల తరబడి ఆ చేతికి అన్నను అలవాటు చేసి, తీసేసి, మళ్లీ ఒక్కసారి తలచుకునేలా చేశారు. సినిమాకు ఈ దారి లేదు.

20 అధ్యాయాలు, తగ్గిపోయే ముక్కలు

ఫోన్‌లో ఆడే ‘ఫ్లోరెన్స్’ 2018 ఫిబ్రవరి 14న వచ్చింది. మెల్‌బోర్న్‌లోని మౌంటెన్స్ స్టూడియో చేసింది. చిన్న చిన్న అధ్యాయాలు 20, అన్నీ కలిపి గంటలోపే. 25 ఏళ్ల ఫ్లోరెన్స్‌కూ, సెల్లో వాయించే క్రిష్ అనే భారతీయ మూలాల కుర్రాడికీ నడుమ ప్రేమకథ ఇది.

వాళ్ల మాటలు మనకు వినపడవు. ఖాళీ మాటల బుడగను జిగ్సా ముక్కలతో మనమే నింపాలి. తొలి పరిచయంలో ముక్కలు ఎక్కువ, మాట కుదరడానికి సమయం పడుతుంది. చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గుతాయి, మాట సులువవుతుంది. పోట్లాట వచ్చినప్పుడు ముక్కల అంచులు పదునెక్కుతాయి. లెక్క మారడంతోనే బంధం మారిందని అర్థమైపోతుంది.

0 ఫలితం ఇచ్చే బటన్

అమెరికాకు చెందిన రయన్, ఏమీ గ్రీన్ దంపతుల కొడుకు జోయెల్. ఏడాది వయసులో క్యాన్సర్ బయటపడింది. ఎంతోకాలం బతకడన్న పిల్లవాడు మరో 4 ఏళ్లు బతికి 2014 మార్చిలో కన్నుమూశాడు. ఆ కుటుంబ అనుభవమే 2016 జనవరిలో వచ్చిన ‘దట్ డ్రాగన్, క్యాన్సర్’.

అందులో ఒక ఆసుపత్రి రాత్రి ఉంది. పిల్లవాడు ఆగకుండా ఏడుస్తుంటాడు. మనం తండ్రి స్థానంలో ఉండి ఏం చేసినా ఏడుపు తగ్గదు. ప్రతి ఆటా నొక్కితే ఫలితం వస్తుందని మాట ఇస్తుంది. ఈ ఆట ఆ మాట తప్పడం ద్వారానే తండ్రి నిస్సహాయతను మన చేతుల్లో పెడుతుంది. దీనికి 2017లో బాఫ్టా గేమ్ ఇన్నొవేషన్ పురస్కారం వచ్చింది.

1988, ఒక వంటల పుస్తకం

మన పక్కింటి కథ ‘వెన్బా’. కెనడాలోని విసాయ్ గేమ్స్ 2023లో విడుదల చేసింది. 1988లో కెనడా చేరిన తమిళ దంపతులు వెన్బా, పావలన్, వాళ్ల కొడుకు కవిన్. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, అక్షరాలు చెరిగిపోయింది. ఇడ్లీ, పుట్టు ఎలా చేయాలో ఆటగాడే ఊహించి పూరించాలి. తల్లి తమిళంలో పలకరిస్తే కొడుకు ఇంగ్లిష్‌లో బదులిస్తాడు. కూచిపూడి నుంచో గుడివాడ నుంచో డల్లాస్ వెళ్లిన ఏ ఇంట్లోనైనా ఈ దృశ్యం ఉంటుంది. ఈ ఆటకు 2024లో బాఫ్టా తొలి ఆట పురస్కారం దక్కింది. ఇడ్లీ రేకుల నుంచి ప్రపంచాన్ని కదిలించే ఆట పుట్టగలదని రుజువైంది.

12 నెలలు, 3 రోజులు

తల్లిదండ్రుల భయాలకూ లెక్కలున్నాయి. ఆట మీద అదుపు తప్పి, చదువూ బంధాలూ దెబ్బతినే పరిస్థితి సాధారణంగా 12 నెలలు సాగితే దాన్ని గేమింగ్ డిజార్డర్‌గా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తిస్తోంది. ఈ వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఇక డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే కేంద్ర బిల్లు 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ దాటి, 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. పందెం లేని ఆటలనూ, ఈ-స్పోర్ట్స్‌నూ ఆ చట్టం ప్రోత్సహిస్తానంటోంది. జేబు ఖాళీ చేసే ఆటనూ మనసు నింపే ఆటనూ ఒకే గాటన కట్టకూడదని చట్టమే గుర్తించినప్పుడు ఇంట్లో మనమూ గుర్తించాలి.

తెలుగులో చేయడానికి ఎంత కావాలి?

కదిలించే ఆటకు కోట్లు అక్కర్లేదు. కాన్ గావో 2011లో ‘టు ద మూన్’ను ఆర్‌పీజీ మేకర్ అనే తేలికపాటి సాఫ్ట్‌వేర్‌తో చేశాడు. చావు బతుకుల్లో ఉన్న ఒక ముసలాయన చివరి కోరిక కథ అది, నాలుగైదు గంటల్లో పూర్తవుతుంది. 2009లో వచ్చిన ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. కోడింగ్ పెద్దగా రాకపోయినా పాఠకుడి ఎంపికలతో నడిచే కథను అందులో తెలుగు లిపిలోనే రాయొచ్చు. గోడో అనే గేమ్ ఇంజిన్ 2014 నుంచి ఓపెన్ సోర్స్.

పనిముట్లు ఉన్నాయి. కరుణ రసం మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. మైలవరంలోనో, నూజివీడులోనో ఒక విద్యార్థి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా కాటి సీనును ఎంచుకుంటే చాలు. తెర మీద ఒకే దృశ్యం, 2 బటన్లు: సుంకం అడుగు, వదిలెయ్. అడిగితే ఆమె ముందు రాయి అవ్వాలి, వదిలేస్తే ఇన్నేళ్ల సత్యమూ పోవాలి. మార్కులు, లెవెళ్లు, నాణేలు ఏవీ వద్దు. పద్యం పాడే స్నేహితుడు ఒకడు, బొమ్మ గీసే అమ్మాయి ఒకరు, కోడ్ రాసేవాళ్లు ఇద్దరు కలిస్తే ఒక సెమిస్టర్‌లో అయ్యే పని. అలాంటి ప్రాజెక్టు ముందుకొస్తే అధ్యాపకులు దాన్ని ఆటే కదా అని పక్కన పెట్టకూడదు. ఒకప్పుడు జమీందారు నాటకానికి ఇచ్చిన అండ ఈనాడు ఆ కుర్రాళ్లకు కాలేజీలూ, ఇళ్లూ ఇవ్వాలి.