నేత యింటి రాత్రి వంట: ఒక్క బాండలి, సగము ముద్ద

నేతపని యింటిపనియే. మగ్గము ఇంటిలోనే యుండును, పొయ్యియు ఇంటిలోనే యుండును. రెంటి నడుమ ఒక్కరే పరుగెత్తవలసి వచ్చుచున్నది. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశములో చేనేత పనివారు 35 లక్షలకు పైగా గలరు. వారిలో నూటికి 72 మంది స్త్రీలే. పగలు కండెలు చుట్టి, తెగిన పోగు అతికి, నాడె నడిపిన ఆడకూతురే దీపాలవేళకు మగ్గము దిగి పొయ్యి ముట్టించుచున్నది. చీర మజూరీ అందును గాని వంటకు మజూరీ వ్రాయు పుస్తకము ఏ సంఘములోను లేదు.

అంత అలసటలో ఆమె ఏమి వండగలదు? యెసరు పెట్టి, పిండి పోసి, ముద్ద కెలుకును. లేనిచో రేషను బియ్యము ఉడికించును. ప్రక్కన పలుచని చారో, ఊరగాయో, కారమో యుండును. కడుపు నిండినది గనుక భోజనమైనట్లే యెంచుదుము. ఈ అలవాటును గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి. మేము వైద్యులము కాము. సంఘము లెక్కలు వ్రాయువారము. అయినను మగ్గము నడువవలెనన్న నేతగాని దేహము నడువవలెను గదా.

గంజి సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. గంజి లేని పడుగు మగ్గముపై నిలువదు. గంజి మితిమీరిన పడుగు బిరుసెక్కి అచ్చులో తెగును. దేహమునకు పిండిపదార్థమును అట్టిదే. బియ్యము, రాగులు, జొన్నలు, గోధుమలు, వీనియన్నిటిలో ప్రధానముగా నున్నది ఆ గంజియే. అది జీర్ణమై చక్కెరగా మారి రక్తములో చేరును. పగటి పనికి అది కావలెను. రాత్రి ముద్ద తిని మనము చేయు పని నిద్రయే.

దేశమంతటను పరిస్థితి ఎట్లున్నదో చూడుడు. భారత వైద్య పరిశోధనా మండలి సర్వేక్షణ ఫలితములు 2023లో వెలువడినవి. దేశములో 10 కోట్ల మందికి పైగా చక్కెరవ్యాధి గలదని అందు తేలినది. అదే సర్వేక్షణనుండి 2025లో వెలువడిన మరియొక పరిశీలన ప్రకారము మనవారు తిను ఆహారపు శక్తిలో నూటికి 62 వంతులు పిండిపదార్థముల వలననే వచ్చుచున్నది. అందులో కొంత తగ్గించి, ఆ మేరకు పప్పులు, పాలు, పెరుగుల మాంసకృత్తులు చేర్చుకొన్నవారికి ముప్పు తక్కువగా నుండునని ఆ పరిశీలకులు చెప్పిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో కూడ ఆహారశక్తిలో ధాన్యముల వంతు నూటికి 45కు మించరాదని యున్నది.

“మేము తినునది రాగిముద్ద, చక్కెర మా దరికి రాదు” అని మన ప్రాంతమున పలువురు చెప్పుదురు. రాగి మంచి ధాన్యమే. నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నము గలదు. ఎముకలకు అది మేలు. పీచు కూడ బియ్యముకంటె అధికము. అయితే నూరు గ్రాముల బియ్యములో పిండిపదార్థము సుమారు 78 గ్రాములైన, రాగులలో సుమారు 70 గ్రాములు. భేదము పెద్దది కాదు. పైన చెప్పిన 2025 నాటి పరిశీలనలో తెల్లబియ్యమునకు బదులు చిరుధాన్యపు పిండి తిన్నంత మాత్రమున, మొత్తము తగ్గనియెడల, ముప్పు తగ్గినట్లు కానరాలేదు. కావున ఏ ధాన్యమని యడుగుటతో సరిపోదు, ఎంతయని కూడ యడుగవలెను.

మన రాయచెర్లు చుట్టుపట్ల నేలకు చెనక్కాయ, రాగి, ఉలవ, అలసంద, అనప పాత చుట్టములు. వాన తక్కువైనను ఏదో ఒకటి చేతికందెడిది. 2018లో ప్రారంభమై 2019 చివరకు పూర్తియైన పావగడ సోలారు పార్కు క్రింద సుమారు 13,000 ఎకరములు కౌలుకు పోయినవి. తిరుమణి, బలసముద్రము, వల్లూరు, క్యాతగానచెర్లుతోపాటు మన రాయచెర్లు భూములును అందున్నవి. కౌలు సొమ్ము వచ్చినవారికి వచ్చినది. కాని చేను పోయిన యింటిలో పప్పుగింజలు గాదెనుండి గాక అంగడినుండి రావలెను. బియ్యము రేషనులో సులభముగా వచ్చును. కావుననే పళ్లెములో అన్నము పెరుగుట, పప్పు తరుగుట సహజమగుచున్నది. చేతిలో డబ్బు పడిన దినముననే నెలకు కావలసిన ఉలవలు, పెసరపప్పు, చెనక్కాయ విత్తనములు కొని డబ్బాలో పోసికొనుట మొదటి మెట్టు.

ఇక వంట. ఐదుగురున్న యింటికి వెడల్పాటి బాండలి, దానికొక మూత చాలును. లెక్క యిది: బాండలిలో సగము ఆకుకూర గాని కాయగూర గాని యుండవలెను. పావువంతు పప్పుగింజలు, గ్రుడ్లు లేక మాంసము. మిగిలిన పావువంతే ధాన్యము. దానికి వేరే పాత్ర అక్కరలేదు. మనిషికొక చిన్న పిడికెడు నూకలో కొర్రలో ఆ బాండలిలోనే వేయవచ్చును. లేదా మధ్యాహ్నము మిగిలిన ముద్దను సగము సగముగా పంచుకొనవచ్చును. నూనె అందరికి కలిపి మూడు చెంచాలు మించనక్కరలేదు.

ఉలవ మొలకల వంట: పావుకిలో ఉలవలు ముందునాటి రాత్రి నానవేసి, తెల్లవారి నీరు వంచి తడిగుడ్డలో మూటగట్టవలెను. సాయంకాలమునకు మొలక తలయెత్తును. ఉల్లిగడ్డలు, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు నూనెలో వేగించి, రెండు టమాటాలు, మొలకలు, మునిగినంత నీరు చేర్చి మూత పెట్టవలెను. అరగంటకు గింజ మెత్తబడును. కుక్కరున్నవారికి ఇంకను తొందరగా నగును. పిమ్మట రెండు కట్టల తోటకూర తరిగి వేసి, ఐదు నిమిషములకు దింపవలెను. ఉలవలలో మాంసకృత్తులు నూటికి 22 వంతులు గలవు. వానిలోను పిండిపదార్థము లేకపోలేదు. అయితే పీచుతో కూడి మెల్లగా జీర్ణమగును.

సొరకాయ పెసరపప్పు: పప్పు 200 గ్రాములు కడిగి, చిన్న సొరకాయ ముక్కలతో, పసుపుతో కలిపి నీరు పోసి ఉడికింపవలెను. పెసరపప్పు నానకున్నను ఇరువది నిమిషములలో ఉడుకును. వేయించి దంచిన చెనక్కాయ పొడి 125 గ్రాములు, ఉప్పు, కారము, కరివేపాకు చేర్చిన చిక్కబడును. ఈ పొడి వలన మనిషికి ఆరు గ్రాముల మాంసకృత్తులు అదనముగా దక్కును. బూజు పట్టిన గింజలను, ముడుతలు పడి రంగు మారిన గింజలను ముందుగనే ఏరి పారవేయుడు. వానిలో కాలేయమునకు చెరుపుచేయు విషముండవచ్చును.

ఆకుకూర గ్రుడ్లు: మగ్గము ఆలస్యముగా దిగిన రాత్రికి ఇదియే తగినది. ఉల్లిగడ్డలు వేగిన పిమ్మట మూడు కట్టల పాలకూరో, తోటకూరో, మునగాకో వేసి మగ్గనిచ్చి, ఎనిమిది గ్రుడ్లు పైన కొట్టి పోసి మూత పెట్టిన పదునైదు నిమిషములలో వంట ముగియును. ఒక్కొక్క గ్రుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుండును. గ్రుడ్డు తినని యింటివారు అంతే నీచులేని మీల్ మేకరు నానబెట్టి పిండి వేసికొనవచ్చును.

చలికాలపు అనపగింజలు: గింజలు దొరకు దినములలో, వలిచిన అనపగింజలు అరకిలో, నాలుగు వంకాయలు, టమాటాలు కలిపి ఒక్క బాండలిలో ఉడికించి, కొత్తిమీర చల్లిన దానికి మరే కూరయు అక్కరలేదు. మాంసము తినువారు వారమునకొకనాడు ముప్పావుకిలో కోడిమాంసమును నాలుగు కట్టల మెంతికూరతో ఇదే విధముగ వండుకొనవచ్చును.

ఈ వంటలన్నిటికి సాయంకాలము పట్టునది అరగంటయే. అయితే ఆ అరగంట ఒక్కరి నెత్తిన పడరాదు. ఆకు ఏరుట, గింజ వలుచుట, ఉల్లి తరుగుట మగవారు చేయదగిన పనులే. పడుగు సరిచేయునపుడు ఇద్దరు చెరియొక కొస పట్టుదురు గదా. పొయ్యి దగ్గరను అట్లే పట్టవలెను.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి. బాండలి దింపిన వెంటనే, ఇంటిలో ఎందరున్నారో అన్ని వంతులు తీసి పెట్టుడు. మన యిండ్లలో వండిన తల్లి చివర తినుట అలవాటు. అప్పటికి గింజలు, గ్రుడ్లు అయిపోయి ఆమెకు ముద్దయు అడుగు నీళ్లును మిగులును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణలో 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ముద్ద తగ్గింపుడని మేము చెప్పిన మాటను ఆమె మాత్రమే పాటించి, పప్పు మాత్రము ఇతరులే తినినచో మేలుకు బదులు కీడగును. మొదటి గరిటె ఆమె పళ్లెములో పడవలెనని మా కోరిక.

కొన్ని హెచ్చరికలు. నేతపనిని పోషకాహార శాస్త్రజ్ఞులు మధ్యరకపు శ్రమగా లెక్కించిరి. కుర్చీలో కూర్చుండు గుమాస్తాకన్న నేతగానికి ఎక్కువ ఆహారము కావలెను. కావున ముద్దను పూర్తిగా మానరాదు. పగటి భోజనము తగ్గింపనక్కరలేదు. పెరుగు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అన్నము కోత పెట్టరాదు. చక్కెరవ్యాధికి మాత్రలో, సూదిమందో వాడువారు హఠాత్తుగా ముద్ద తగ్గించిన రక్తములో చక్కెర పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చును. వారు ముందుగ వైద్యునితో చెప్పి మందు సరిచూచుకొనవలెను. మూత్రపిండముల జబ్బున్నవారు పప్పులు పెంచుటకు ముందు వైద్యుని అడుగవలెను.

నీటి సంగతియు మరువరాదు. పావగడ తాలూకా భూగర్భజలములో ఫ్లోరైడు దోషము చాలకాలముగా తెలిసినదే. పప్పు వంటకు నీరు ఎక్కువ పట్టును. మరగించిన ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఇగిరినకొలది చిక్కబడును. శుద్ధజల కేంద్రమునుండి తెచ్చు నీటిని త్రాగుటకే గాక వంటకును వాడుడు.

సభ్య కుటుంబములకు మా మనవి యిదియే. రాత్రి ముద్ద సగము చేయుడు. ఆ సగము స్థలములో గింజ, ఆకు, గ్రుడ్డు నింపుడు. అందరు సమముగా పంచుకొనుడు. ఒక్క నెల చేసి చూడుడు. తమ యిండ్లలో ఒకే బాండలిలో వండు ఇతర వంటలేవైన నున్న సంఘము కార్యాలయమునకు తెలిపినచో తోటి నేత కుటుంబములకు అందజేయగలము.